అమెరికా నౌకాదళ విమాన స్క్వాడ్రన్ ప్యాచ్‌ను చదవడం ఎలా?

ప్యాచ్, అంటే ఒక స్క్వాడ్రన్ (విమాన దళం) పైలట్లు జాకెట్ మీద కుట్టుకునే గుర్తు, చేతికి రాగానే అందరి కళ్లూ బొమ్మ మీదికే పోతాయి. పుర్రె, పిల్లి, అడవి పంది, సముద్రంలో కూలుతున్న సూర్యుడు... ఏదో ఒకటి మనల్ని లాగేస్తుంది. నా సలహా మాత్రం వేరు. బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. ముందు అక్షరాలు, తర్వాత అంకె, ఆ తర్వాత బొమ్మ, చివరికి గుడ్డా దారమూ చూడండి. అమెరికా నౌకాదళంలో బొమ్మలు ఒక స్క్వాడ్రన్ నుంచి ఇంకో స్క్వాడ్రన్‌కి వలస వెళ్తాయి. ఒకే పుర్రెను వేర్వేరు కాలాల్లో వేర్వేరు స్క్వాడ్రన్లు భుజాన వేసుకున్నాయి. బొమ్మను బట్టి చరిత్ర చెప్పబోతే ఒకరి యుద్ధాన్ని ఇంకొకరి ఖాతాలో వేసేస్తాం. ఆ యుద్ధంలో పోయినవాళ్లకు అది అన్యాయం.

కావలసినవి కొంచెమే: మంచి పగటి వెలుతురు, ఒక భూతద్దం, స్కేలు, అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి, ఒక నోట్‌బుక్. ప్యాచ్‌ను ముందూ వెనకా ఫోటో తీసి పెట్టుకోండి. వెనక భాగాన్ని చాలామంది పట్టించుకోరు కానీ ప్యాచ్ వయసు ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.

మొదటి అడుగు: అక్షరాలు చదవండి

ప్యాచ్ మీదో, దాని కింద కుట్టిన పట్టీ మీదో వీఎఫ్, వీఏ, వీపీ లాంటి పొడి అక్షరాలు ఉంటాయి. 1920లో నౌకాదళం తన విమానాలను రెండు రకాలుగా విడగొట్టింది. గాలి కన్నా తేలికైన ఎయిర్‌షిప్‌లకు 'జెడ్', గాలి కన్నా బరువైన విమానాలకు 'వీ'. ఆ 'వీ' ఇప్పటికీ నడుస్తోంది. హెలికాప్టర్లు వచ్చాక వాటికి 'హెచ్' ఇచ్చారు. 'వీ' తర్వాత 'ఎం' ఉంటే అది మెరీన్ కోర్ స్క్వాడ్రన్.

తర్వాతి అక్షరం ఆ స్క్వాడ్రన్ చేసే పని. 'ఎఫ్' ఫైటర్, 'బీ' బాంబింగ్, 'ఎస్' స్కౌటింగ్, 'టీ' టార్పెడో, 'పీ' సముద్ర గస్తీ. ఈ అక్షరాలు పనితో పాటు కాలాన్నీ చెప్తాయి, అందుకే వీటితో మొదలుపెట్టమంటున్నాను. 1946 నవంబరులో బాంబింగ్, టార్పెడో స్క్వాడ్రన్లన్నిటినీ కలిపి 'వీఏ', అంటే అటాక్ స్క్వాడ్రన్లుగా మార్చారు. ఆ చివరి వీఏ స్క్వాడ్రన్లు 1997లో ఏ-6 ఇంట్రూడర్ విమానాలతో పాటే ముగిశాయి. కాబట్టి ప్యాచ్ మీద వీఏ కనబడితే, అది అసలైనదే అయితే, 1946కీ 1997కీ మధ్యది. 'వీఎఫ్ఏ' అని ఉంటే 1980 తర్వాతిది, ఎఫ్/ఏ-18 హార్నెట్ వచ్చాక పుట్టిన పేరు అది. ఎఫ్-14 టామ్‌క్యాట్‌ను 2006లో విరమించినప్పుడు మిగిలిన చివరి వీఎఫ్ స్క్వాడ్రన్లు కూడా వీఎఫ్ఏలుగా మారాయి.

'వీఏక్యూ' అంటే ఎలక్ట్రానిక్ యుద్ధం. 'వీఏడబ్ల్యూ' అంటే పైన పెద్ద పళ్లెం లాంటి రాడార్ మోసే ముందస్తు హెచ్చరిక విమానాలు. 'వీఎక్స్' అంటే కొత్త విమానాలను పరీక్షించేవాళ్లు.

రెండో అడుగు: అంకెను కాలంలో పెట్టండి

పాత అంకెల వెనక ఒక లెక్క ఉంది. 1937 జులైలో స్క్వాడ్రన్లకు అవి ఎక్కే విమాన వాహక నౌక సంఖ్యనే ఇచ్చారు. లెక్సింగ్టన్ సీవీ-2 కాబట్టి దాని ఫైటర్ స్క్వాడ్రన్ వీఎఫ్-2, సారటోగా సీవీ-3 కాబట్టి వీఎఫ్-3, ఎంటర్‌ప్రైజ్‌ది వీఎఫ్-6. యుద్ధంలో నౌకలు మునిగి, స్క్వాడ్రన్లు చేతులు మారాక ఈ లెక్క చెదిరిపోయింది.

1946 నవంబరులో అంకె చివర ఒక అక్షరం తగిలించారు: ఎసెక్స్ తరగతి నౌకల మీద ఉంటే 'ఏ', పెద్దవైన మిడ్‌వే తరగతికి 'బీ', చిన్న నౌకలకు 'ఎల్', ఎస్కార్ట్ నౌకలకు 'ఈ'. ఈ పద్ధతి 1948 దాకానే బతికింది. అందుకే వీఎఫ్-3ఏ లాంటి రాత ఉన్న ప్యాచ్ దొరికితే దాన్ని జాగ్రత్తగా పట్టుకోండి. ఆ పేరుకు రెండేళ్ల ఆయుష్షు కూడా లేదు. 1930ల తొలి భాగంలో కూడా వీఎఫ్-1బీ లాంటి పేర్లు ఉండేవి, కానీ అక్కడ 'బీ' అంటే బ్యాటిల్ ఫోర్స్ అనే నౌకా విభాగం. రెంటినీ కలిపేసుకోకండి.

1948లో వచ్చిన అంకెలు చదవడం తేలిక. ముందు ఎయిర్ గ్రూపు (కొన్ని స్క్వాడ్రన్ల కూటమి) సంఖ్య, తర్వాత అందులో వరస. వీఎఫ్-31 అంటే మూడో గ్రూపులో మొదటి స్క్వాడ్రన్, వీఎఫ్-111 అంటే పదకొండో గ్రూపులో మొదటిది. కాలక్రమంలో స్క్వాడ్రన్లు గ్రూపులు మారాయి, అంకెలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మూడో అడుగు: వంశాన్నీ బొమ్మనూ విడదీయండి

ఇక్కడ నెమ్మదిగా నడవాలి. ఈ ఒక్క అడుగు సరిగ్గా వేస్తే మిగతావి తప్పినా పెద్ద నష్టం లేదు.

నౌకాదళం దృష్టిలో స్క్వాడ్రన్ వంశం అంటే, అది ఏర్పడిన రోజు నుంచి రద్దయిన రోజు దాకా సాగిన ఒకే జీవితం. మధ్యలో పేరు ఎన్నిసార్లు మారినా వంశం ఒకటే. రద్దయిందంటే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత అదే అంకెతో కొత్త స్క్వాడ్రన్ పెట్టినా అది కొత్త వంశమే. బొమ్మకూ ముద్దుపేరుకూ ఈ కట్టడి లేదు. రద్దయిన స్క్వాడ్రన్ బొమ్మను ఇంకొకరు అనుమతితో తీసుకోవచ్చు. బొమ్మతో పాటు ఆ స్క్వాడ్రన్ యుద్ధ చరిత్ర మాత్రం రాదు.

జాలీ రోజర్స్ కథ చూడండి. 1943 జనవరి 1న నార్ఫోక్‌లో టామీ బ్లాక్‌బర్న్ నాయకత్వంలో వీఎఫ్-17 ఏర్పడింది. వాళ్లకు ఇచ్చిన విమానం ఎఫ్4యూ కోర్సేర్. కోర్సేర్ అంటే సముద్రపు దొంగ. ఆ పేరుకు తగ్గట్టు 'జాలీ రోజర్' అనే సముద్రపు దొంగల జెండా, అంటే నల్ల రంగు మీద తెల్ల పుర్రె, అడ్డంగా ఎముకలు ఎంచుకున్నారు. పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో ఆ స్క్వాడ్రన్ గొప్పగా పోరాడింది. ఆ తర్వాత వీఎఫ్-61 జాలీ రోజర్స్‌గా పుర్రెను మోసింది. అది 1959లో రద్దయింది. 1960లో, అప్పటిదాకా వాగబాండ్స్ అనే పేరుతో ఉన్న వీఎఫ్-84 ఆ పుర్రెను తీసుకుంది. టామ్‌క్యాట్ తోక మీద నల్ల రంగులో పుర్రె ఉన్న ఫోటోలు మీరు చూసి ఉంటే, ఎక్కువగా వీళ్లవే. 1995లో వీఎఫ్-84 కూడా రద్దయింది. అప్పుడు స్లగ్గర్స్ అనే పేరుతో ఉన్న వీఎఫ్-103 ముందుకొచ్చి పుర్రెను అందుకుంది. ఇవాళ అదే వీఎఫ్ఏ-103.

బొమ్మ ఒకటే, వంశాలు మాత్రం వేర్వేరు. ఈ రోజు వీఎఫ్ఏ-103 ప్యాచ్ చూపించి 'వీళ్లే సోలమన్ దీవుల్లో పోరాడారు' అంటే అది తప్పు. ఆ జ్ఞాపకాన్ని బతికించుకుంటున్నవాళ్లు వీళ్లు, అంతవరకూ చెప్పొచ్చు. అది కూడా తక్కువ గౌరవమేమీ కాదు.

ఫెలిక్స్ పిల్లి కథ దీనికి తిరగేసిన రూపం. వెలుగుతున్న వత్తి ఉన్న బాంబును చేతుల్లో పట్టుకుని పరుగెత్తే పిల్లి అది. ఫైటర్ స్క్వాడ్రన్‌కు బాంబు ఎందుకని ఎవరైనా అడిగితే, జవాబు పాత అక్షరాల్లో ఉంది: ఆ బొమ్మను మొదట వేసుకున్నది వీబీ-2బీ అనే బాంబింగ్ స్క్వాడ్రన్. అదే తర్వాత వీఎఫ్-3 అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన పైలట్లు జాన్ థాచ్, ఎడ్వర్డ్ ఓహేర్ ఎగిరింది ఆ స్క్వాడ్రన్‌లోనే. 1943 జులై 15న వీఎఫ్-3, వీఎఫ్-6 పేర్లు తారుమారయ్యాయి. ఓహేర్ వాళ్లు వీఎఫ్-6 అయ్యారు, పిల్లిని వెంట తీసుకెళ్లారు. కొత్తగా వీఎఫ్-3 అయినవాళ్లు 'ఫెలిక్స్ వీఎఫ్-3ది కదా, అది మాదే' అన్నారు. కొన్నాళ్లు రెండు చోట్లా పిల్లి ఉంది. చివరికి 1946లో కొత్త వీఎఫ్-3 వైపే తీర్పు వచ్చింది. ఇవాళ టామ్‌క్యాటర్స్ అనే వీఎఫ్ఏ-31 వంశం అదే. యుద్ధకాలపు ఫెలిక్స్ ప్యాచ్ దొరికితే, అది 1943 జులైకి ముందుదా తర్వాతిదా అన్న ప్రశ్నను ఎప్పుడూ వదలకండి.

ఒక్క రోజులో జరిగిన మార్పిళ్లూ ఉన్నాయి. రెడ్ రిప్పర్స్ స్క్వాడ్రన్ 1927లో మొదలైంది. గార్డన్స్ జిన్ సీసా మీది అడవి పంది తల నుంచి వాళ్ల బొమ్మ వచ్చిందని స్క్వాడ్రన్ సంప్రదాయం చెప్తుంది. ఆ అసలు స్క్వాడ్రన్ 1959 ఫిబ్రవరి 15న వీఎఫ్-11గా రద్దయింది. మర్నాడే వీఎఫ్-43 పేరు వీఎఫ్-11గా మార్చి, పంది తలను వాళ్లకు ఇచ్చారు. అదే ఏడు జనవరిలో సన్‌డౌనర్స్‌కూ ఇదే జరిగింది. పాత వీఎఫ్-111 రద్దయింది, మరుసటి రోజు వీఏ-156 ఆ పేరుకూ బొమ్మకూ వారసురాలైంది.

నాలుగో అడుగు: ఇప్పుడు బొమ్మ

ఇక బొమ్మ దగ్గరికి రండి. 'ఇది ఏ జంతువు' అని అడిగి ఊరుకోకండి, ఈ బొమ్మ దేన్ని గుర్తుపెట్టుకోవాలనుకుంది అని అడగండి.

కొన్ని బొమ్మలు మనుషులను గుర్తుపెట్టుకుంటాయి. యుద్ధానికి ముందు లెక్సింగ్టన్ మీది వీఎఫ్-2లో పైలట్లు చాలావరకు ఆఫీసర్లు కారు, కింది ర్యాంకుల నుంచి ఎదిగిన నావికులు. అందుకే వాళ్ల పేరు ఫ్లయింగ్ చీఫ్స్, వాళ్ల చిహ్నం చీఫ్ పెటీ ఆఫీసర్ చేతి మీది బ్యాడ్జి. ర్యాంకు బ్యాడ్జినే గర్వంగా విమానం మీద వేసుకున్న ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

కొన్నింటిలో విమానం దాగి ఉంటుంది. వీఎఫ్-114 పేరు మొదట ఎగ్జిక్యూషనర్స్. 1960ల మొదట్లో వాళ్లకు ఎఫ్-4 ఫాంటమ్ వచ్చాక, దాని వంగిన పొడుగు ముక్కు ఆర్డ్‌వార్క్ అనే చీమలు తినే జంతువులా ఉందని, 'బీ.సీ.' అనే కార్టూన్‌లోని ఆర్డ్‌వార్క్‌ను తీసుకున్నారు. టామ్‌క్యాట్ విమానానికి గ్రమ్మన్ కంపెనీ గీయించిన పిల్లికి రెండు తోకలు ఉంటాయి, ఎందుకంటే ఆ విమానం వెనక నిలువు రెక్కలు రెండు.

కొన్ని బొమ్మలు మాటతో ఆడుకుంటాయి. సన్‌డౌనర్స్ ప్యాచ్‌లో రెండు వైల్డ్‌క్యాట్ విమానాలు ఉదయించే సూర్యుణ్ని సముద్రంలోకి కూల్చేస్తుంటాయి. 1942లో పసిఫిక్ యుద్ధానికి బయలుదేరిన స్క్వాడ్రన్ అది, సూర్యుడు జపాన్ జెండాది. దానికి తోడు నావికుల పాత భాషలో సన్‌డౌనర్ అంటే గట్టిగా పనిచేసే నావికుడు. గస్తీ స్క్వాడ్రన్ వీపీ-5 పేరు మ్యాడ్ ఫాక్సెస్. నక్క సుత్తితో జలాంతర్గామిని మోదుతుంది. పిచ్చి నక్క అనుకుంటే సగమే చదివినట్టు. జలాంతర్గామి ఇనుము వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పట్టే పరికరం పేరు మ్యాగ్నెటిక్ అనామలీ డిటెక్టర్. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'మ్యాడ్'. బ్లాక్ ఏసెస్ అనే వీఎఫ్-41 పేకముక్కలోని ఇస్పేటు ఆసును వేసుకుంది. ఐదు శత్రు విమానాలు కూల్చిన పైలట్‌నూ ఏస్ అనే అంటారు కదా.

ఇంకొన్ని ఒకే ఒక రోజు కోసం పుట్టాయి. 1951 మే 1న కొరియాలో, ప్రిన్స్‌టన్ నౌక నుంచి లేచిన స్కైరైడర్ విమానాలు ఉత్తర కొరియా అధీనంలో ఉన్న హ్వాచోన్ ఆనకట్ట గేట్ల మీద టార్పెడోలు ప్రయోగించాయి. ఓడల మీద వాడే ఆయుధాన్ని ఆనకట్ట మీద వాడారు, గేట్లు పగిలాయి. ఆ దాడి తర్వాత అప్పటిదాకా టైగర్స్‌గా ఉన్న 195వ స్క్వాడ్రన్ డ్యామ్‌బస్టర్స్ అయింది. ఇవాళ వీఎఫ్ఏ-195 పేరు కూడా అదే.

ఐరోపా వంశ చిహ్నాల భాష కూడా కొంచెం తెలిసి ఉండాలి. కవచం మీద, మనం చూస్తున్నప్పుడు, కుడివైపు పై మూల నుంచి ఎడమవైపు కింది మూలకు దిగే పట్టీని జనం అక్రమ సంతానానికి గుర్తుగా చెప్పుకుంటారు. మెరీన్ స్క్వాడ్రన్ వీఎంఎఫ్-214 కవచం మీద నల్ల గొర్రెతో పాటు ఆ పట్టీ ఉంది. 1943లో గ్రెగరీ బోయింగ్టన్ కింద చేరిన పైలట్లు తమను బోయింగ్టన్స్ బాస్టర్డ్స్ అని పిలుచుకోవాలనుకున్నారు. పత్రికలు అచ్చు వేయలేవని ఆ పేరు వద్దన్నారు. పేరు బ్లాక్ షీప్ అయింది, వద్దన్న మాట మాత్రం పట్టీ రూపంలో కవచం మీదే ఉండిపోయింది. ఒక ప్యాచ్ ఇంత నేర్పుగా మాట్లాడగలదని ఎవరికైనా చూపించాలంటే నేను దీన్నే చూపిస్తాను.

గబ్బిలం కనిపిస్తే ఎక్కువసార్లు రాత్రి పని లేదా ఎలక్ట్రానిక్ నిఘా ఉంటుంది. ఎలక్ట్రానిక్ నిఘా చేసిన వీక్యూ-1 గబ్బిలాన్నే ఎంచుకుంది. మెరుపు, త్రిశూలం, గద్ద మాత్రం చాలా చోట్ల ఉంటాయి, వాటి నుంచి ఎక్కువ అర్థం పిండకండి.

ఐదో అడుగు: గీసిందెవరు?

1939లో న్యూయార్క్‌లోని ఫ్లాయిడ్ బెన్నెట్ ఫీల్డ్‌లో ఉన్న నౌకాదళ రిజర్వు స్క్వాడ్రన్ కోసం వాల్ట్ డిస్నీ స్టూడియో ఒక చిహ్నం గీసింది. ఆ తర్వాత అభ్యర్థనలు వరదలా వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి అన్ని దళాలకూ కలిపి దాదాపు 1,200 చిహ్నాలు గీసిచ్చారు, డబ్బు తీసుకోకుండా. హ్యాంక్ పోర్టర్ ఆ పని చూసుకున్న ముఖ్య చిత్రకారుడు. అందరికన్నా ఎక్కువగా అడిగింది డోనాల్డ్ డక్‌ను, 200కు పైగా చిహ్నాల్లో ఉన్నాడు. కోపం ఆపుకోలేని బాతు యుద్ధానికి సరిపోయాడు. కాబట్టి 1940ల ప్యాచ్‌లో గుండ్రటి గీతలు, కండలు తిరిగిన చిన్న జంతువు, తెల్ల చేతి తొడుగులు కనబడితే ఆ స్టూడియో చేయి ఉందేమో చూడండి. చూసిన ప్రతి కార్టూన్‌నూ డిస్నీది అనేయకండి, ఆ శైలిని స్క్వాడ్రన్లలోని కుర్రాళ్లు కూడా బాగా అనుకరించారు.

ఇప్పుడు కొత్త బొమ్మ కావాలంటే స్క్వాడ్రన్ దాన్ని గీయించి, పై అధికారుల ద్వారా నౌకాదళ చరిత్ర విభాగానికి పంపి ఆమోదం తెచ్చుకోవాలి. అలా ఆమోదం పొందింది ఒక్కటే అధికారిక చిహ్నం.

ఆరో అడుగు: గుడ్డ, దారం, అంచు

ఇప్పుడు తిరగేయండి. 1920, 30ల్లో ఈ బొమ్మల అసలు చోటు విమానం పక్క భాగం. 1940 చివర్లో నౌకాదళం మెరిసే రంగులు మాని విమానాలను బూడిద రంగులోకి మార్చడం మొదలుపెట్టింది, యుద్ధంలో గోప్యత కూడా తోడైంది. విమానం మీద చోటు పోయాక బొమ్మకు ఇల్లు పైలట్ తోలు జాకెట్టే అయింది. అందుకే యుద్ధకాలపు ప్యాచ్‌లలో తోలు ముక్క మీద చేత్తో రంగులు వేసినవి చాలా కనిపిస్తాయి. అసలైన పాత తోలు మీద రంగు మడతల దగ్గర సన్నగా పగులుతుంది. అన్ని చోట్లా ఒకేలా, ఒకే లోతున పగిలి ఉంటే అనుమానించండి.

కొరియా, వియత్నాం కాలాల్లో జపాన్‌లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ కుట్టించిన ప్యాచ్‌లు ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లోని సూబిక్ బే పక్కన క్యూబీ పాయింట్ స్థావరం ఉండేది. నౌక అక్కడ ఆగినప్పుడు స్థానిక దర్జీల చేత ప్యాచ్‌లు కుట్టించుకునేవాళ్లు. ఒకే స్క్వాడ్రన్ ప్యాచ్ రెండు ప్రయాణాల్లో రెండు రకాలుగా ఉండటం, పులి ముఖం ఒకసారి కోపంగా, ఇంకోసారి అమాయకంగా ఉండటం అందువల్లే. అది లోపం కాదు, ఏదో ఒక దర్జీ చేతి రాత. ఆ స్థావరం 1992లో మూతపడింది. అక్కడి ఆఫీసర్స్ క్లబ్ గోడల మీద స్క్వాడ్రన్లు వదిలిన ఫలకాలు ఇప్పుడు ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ విమాన మ్యూజియంలో ఉన్నాయి.

అంచు చూడండి. పాతవాటిలో అంచును కత్తిరించి వదిలేసేవాళ్లు. చుట్టూ తాడులా లావుగా చుట్టిన మెర్రో అంచు అమెరికన్ ప్యాచ్‌లలో 1960ల నుంచి మామూలైంది. రెండో ప్రపంచ యుద్ధంది అని అమ్ముతున్న ప్యాచ్‌కు ఆ లావు అంచు ఉంటే కొనకండి. వెనక ప్లాస్టిక్ పొర ఉన్నా అంతే. వెల్క్రో ఉంటే ఇటీవలి దశాబ్దాలది, లేదా పాతదానికి ఎవరో తర్వాత కుట్టింది. రెండోదైతే వెల్క్రో కుట్టు దారం ప్యాచ్ దారంతో కలవదు.

చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. కొత్త సింథటిక్ దారాలు చాలావరకు నీలి తెలుపుగా మెరుస్తాయి, పాత నూలు మెరవదు. ఈ పరీక్షతో తొందరపడి తీర్పు చెప్పకండి. పాత ప్యాచ్‌ను ఇప్పటి డిటర్జెంట్‌తో ఉతికినా మెరుస్తుంది. దారం కాల్చి చూసే పరీక్ష ఒకటి చెప్తుంటారు, అది చేయొద్దు. పోయిన దారం తిరిగి రాదు.

ఏడో అడుగు: ఇది స్క్వాడ్రన్ ప్యాచేనా?

పైలట్ జాకెట్ మీద ఉన్నవన్నీ స్క్వాడ్రన్ చిహ్నాలు కావు. విమాన రకానికి వేరే ప్యాచ్ ఉంటుంది. ఒకే నౌక మీద 100 సార్లు దిగినవాళ్లకు సెంచూరియన్ ప్యాచ్ ఉంటుంది. టాప్‌గన్ ప్యాచ్, అంటే గురి గీతల మధ్య మిగ్-21 ఉన్నది, 1969 మార్చిలో మిరామార్‌లో మొదలైన ఫైటర్ వెపన్స్ స్కూల్‌ది. వియత్నాం కాలంలో 'టోన్కిన్ గల్ఫ్ యాట్ క్లబ్' అని సరదాగా కుట్టించుకున్నది ఏ క్లబ్‌దీ కాదు, ఆ సముద్రంలో నెలల తరబడి తిరిగినవాళ్లందరిదీ. వీటిని వేరే పేజీలో రాసుకోండి.

ఎనిమిదో అడుగు: రాసిపెట్టండి

ప్యాచ్‌ను ఆమ్లం లేని కాగితంలో, ఎండ తగలకుండా, మడవకుండా పెట్టండి. జిగురుతో ఆల్బమ్‌కు అంటించకండి. ప్రతి ప్యాచ్‌కు ఒక చీటీ రాయండి. అందులో చూసింది ఒకవైపు, అనుకుంటున్నది ఇంకోవైపు ఉండాలి. ఉదాహరణకు, నల్ల నేల మీద పుర్రె, కింద పట్టీ మీద వీఎఫ్-84, మెర్రో అంచు, వెల్క్రో లేదు అనుకుందాం. నా చీటీ ఇలా ఉంటుంది:

"చూసింది: వీఎఫ్-84, జాలీ రోజర్స్ పుర్రె, లావు అంచు, వెనక కుట్టు విప్పిన రంధ్రాలు, టార్చి కింద మెరుపు లేదు. అనుకుంటున్నది: పేరును బట్టి 1960-1995 మధ్య, అంచును బట్టి 1960ల తర్వాత. జాకెట్‌కో సూట్‌కో కుట్టి వాడారు. వీఎఫ్-17 వంశం కాదు, వీఎఫ్-61 వంశమూ కాదు, బొమ్మ మాత్రం వాళ్లది. కుట్టించుకున్న మనిషి పేరు: తెలియదు, దొరికితే ఇక్కడ రాయాలి."

ఆ చివరి గీత పక్కన కొంచెం ఖాళీ వదలండి.